చుక్క పెట్టిన గుడిసెలు

మ్యాపులు చేసేవాళ్లకు ఒక గర్వం ఉంటుంది. ఊళ్లో అడుగు పెట్టకముందే ఆ ఊరి వాగు ఎటు పారుతుందో, ఏ చెలక ఎంత వాలులో ఉందో తమకు తెలుసుననుకుంటారు. తబస్సుమ్‌కూ ఆ గర్వం ఉండేది. జనగామ స్టేషన్ రోడ్డులో ఎరువుల దుకాణం మీది అంతస్తులో ఒక చిన్న ఆఫీసు, అందులో ఆమె ఉద్యోగం. కింద నుంచి మందుల వాసన వచ్చేది, లోపల కంప్యూటర్ల వేడి ఉండేది. యజమాని సంజయ్‌ది నర్మెట్ట దగ్గర పల్లె. ఇంట్లో పత్తి చేలూ ట్రాక్టర్లూ ఉన్నా వాటి జోలికి పోకుండా చదువుకుని వచ్చి ఈ ఆఫీసు పెట్టాడు. "సర్కారుకు భూములుంటయి గని ఎక్కడున్నయో తెల్వదు. మనం చూపిచ్చి బతుకుతున్నం" అని నవ్వేవాడు.

ఇళ్లు పోయినవాళ్లకు కొత్తగా ఎక్కడ జాగా ఇవ్వాలో చెప్పడం ఆ ఆఫీసు చేసే పనుల్లో ఒకటి. వినడానికి పెద్ద విద్యలా ఉంటుంది కానీ, చేసేది పిల్లను ఇచ్చేముందు సంబంధాలు చూసినట్టే. నేల వాలు ఎంత, నీళ్లు ఎంత దూరం, రోడ్డుందా, బడి ఉందా, అడవి హద్దు తగులుతుందా, భూమి సర్కారుదేనా అని ఒక్కొక్కటీ ఒక పొరగా వేస్తారు. ప్రతి పొరకూ మార్కులు. అన్నీ ఒకదాని మీద ఒకటి పరిస్తే, ఎక్కువ మార్కులు వచ్చిన చోటు కంప్యూటర్ తెర మీద పచ్చగా వెలుగుతుంది. ఆ పచ్చ మచ్చను చూపించి ఇదిగో ఇక్కడ అంటారు. అక్కడికి వెళ్లి బతకవలసినవాళ్లను మాత్రం ఎవరూ ఏ పొరలోనూ అడగరు.

మహబూబాబాద్ దిక్కు వాగు పొంగి ఒక తండా కొట్టుకుపోయినప్పుడు కొత్త తండాకు జాగా వెతికింది తబస్సుమే. మంచి జాగా దొరికింది. మెరక మీద, రోడ్డు పక్కన. షెడ్లు లేచాయి, కరెంటు వచ్చింది. ఆ సంతోషంలో చూసి వద్దామని వెళితే లాలి అనే నడివయసు మనిషి దారికి అడ్డంగా నిలబడింది. తండాకు దూరంగా చేను గట్టున ఒంటిగా గుడిసె వేసుకుని బతికిన మనిషి, వరదలో అదీ పోయింది. తబస్సుమ్ ఆఫీసులో కూర్చుని శాటిలైట్ ఫొటో మీద ఇళ్లకు చుక్కలు పెట్టినప్పుడు ఆ గుడిసె గడ్డివామి అనుకుని వదిలేసింది. మ్యాపులో చుక్క లేదు కాబట్టి షెడ్డు రాలేదు.

"నీ బొమ్మల నా గుడిసె లేదట గద బిడ్డా" అని అడిగింది లాలి. "మరి నేను యాడ ఉన్నట్టు?"

తబస్సుమ్ ఆమె షెడ్డు కోసం ఆఫీసుల చుట్టూ తిరిగింది, ఎవరూ పట్టించుకోలేదు. లాలి ఇటుక బట్టీ పనికి వెళ్లిపోయింది. ఇకమీద ఫొటో చూసి చుక్కలు పెట్టేది లేదు, ప్రతి గుడిసె ముందూ నిలబడే పెడతానని తబస్సుమ్ ఆ రోజే అనుకుంది. మంచి నిర్ణయమే. ఆమెను ముంచింది కూడా అదే.

భూపాలపల్లి పని ఆ తర్వాత వచ్చింది. అడవిలో ఉంటున్న గొత్తికోయ ఆదివాసులకు బయట క్యాంపు పెట్టాలి, జాగా చూడమన్నారు. వీళ్లు గోదావరి అవతల ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్లు. అక్కడ రెండు వైపుల తుపాకుల మధ్య ఊళ్లు తగలబడిపోతే, పిల్లల్ని చంకనేసుకుని రాత్రులు నడిచి వచ్చి ఈ అడవిలో దాక్కున్నారు. కాగితాల్లో వాళ్లను శరణార్థులు అనకూడదట. దేశం దాటలేదు, రాష్ట్రమే దాటారు కాబట్టి వలస వచ్చినవారు అని రాయాలట. ఇల్లు తగలబెడితే పరుగెత్తినవాళ్లకు ఆ పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, హాయిగా నిద్రపోయి ఉంటాడు.

తబస్సుమ్‌కు మాత్రం ఆ పని నచ్చింది. షెడ్లు, బోరు, బడి అని కాగితంలో రాసి ఉంది. శాటిలైట్ ఫొటోలో చూస్తే అడవి అంతా ఒకటే పచ్చదనం, గుడిసె ఆనవాలు లేదు. లాలి గుర్తొచ్చింది. బ్యాగు సర్దుకుని, ఆ అడవి దిక్కు పోయే రేగొండ బస్సు ఎక్కింది.

రేగొండలో తిరుపతి అనే ఆటో అతను దొరికాడు. మిర్చి ఏరే రోజుల్లో గొత్తికోయ కూలీలను అడవి నుంచి చేలకు తెచ్చి దించేది అతనే. ఆటో పోయినంత దూరం పోయి, అక్కడి నుంచి ఆమెను నడిపించుకుని తీసుకెళ్లాడు. రెండు గుట్టల నడుమ లొద్దిలో, వాగు పక్కన గుడిసెల చిన్న గుంపు. ముందుకొచ్చి మాట్లాడింది ఉంగి. ఏటా మిర్చి చేలలో పని చేసి తెలుగు పట్టుకుంది. చిన్నప్పుడు తల్లి చెయ్యి పట్టుకుని అడవులు దాటి వచ్చిన పిల్ల, ఇప్పుడు ముప్పై ఏళ్ల మనిషి. తబస్సుమ్ ఆమెను ఉంగక్కా అంది, ఆమె తబస్సుమ్‌ను అక్కా అంది. ఎవరు పెద్దో ఇద్దరూ తేల్చుకోలేదు.

"గివ్వే గుడిసెలక్కా. ఇంకేం లెవ్వు" అని చూపించింది ఉంగి.

అబద్ధమని తబస్సుమ్‌కు అప్పుడే తెలిసింది. వాగు దగ్గర నీళ్ల కోసం నిలబడ్డ ఆడవాళ్లు అక్కడున్న గుడిసెలకు మించి ఉన్నారు. కడవలు నెత్తికెత్తుకుని కొందరు గుట్ట పైకి పోతున్నారు. పైన ఇంకో గుంపు ఉందన్నమాట. బయటి మనిషి వస్తే కింది గుంపునే చూపించడం, మీది గుంపు మాట ఎత్తకపోవడం వాళ్ల పద్ధతి. కింది గుంపును ఎవరైనా వచ్చి పీకేసినా పిల్లలూ ముసలివాళ్లూ మీద బతికిపోతారు. అంతకుముందు ఒకసారి అలాగే బతికారు కూడా.

తబస్సుమ్ మళ్లీ వెళ్లింది. ఆ తర్వాత కూడా వెళ్లింది. ఉంగి పెట్టిన అంబలి తాగింది, ఆమె పక్కన కూర్చుని విప్పపూలు ఆరబోసింది. ఒకరోజు ఉంగి తన మొదటి బిడ్డ సంగతి చెప్పింది. వానకాలం వాగు నీళ్లు తాగి జ్వరం పట్టింది. కావడి కట్టి దవాఖానకు మోసుకుపోతుంటే దారిలోనే ప్రాణం పోయింది. చెప్తూ చెప్తూ ఉంగి పూలలో పుల్లలు ఏరుతూనే ఉంది. తబస్సుమ్‌కే ఏడుపు వచ్చింది.

"క్యాంపుల బోరు పడ్తదా, నిజంగ?" అని అడిగింది ఉంగి.

"పడ్తది. కాయిదం మీద రాసి ఉన్నది. కని ఎంతమంది ఉన్నరో, ఎక్కడెక్కడ ఉన్నరో తెలియాలె. తెల్వకపోతే తక్కువ షెడ్లేస్తరు. సగం మంది బయటనే ఉంటరు."

ఉంగి మొగుడు కోస అంతదాకా మూలన కూర్చుని వెదురు చీలుస్తున్నాడు. అతనికి తెలుగు తక్కువ. కత్తి కింద పెట్టి ఒక్కో మాటా వెతుక్కుంటూ అన్నాడు. "అవుతల గూడ ముందుగాల రాసుకునేటోడే వచ్చిండు. ఎవలిల్లు ఎక్కడ, రాసుకున్నడు. ఎనుక మంటలొచ్చినయి."

ఆ మాట దగ్గర తబస్సుమ్ లేచి వచ్చేయవలసింది. మంచి చేస్తున్నామనే పట్టుదల ఉన్నవాళ్లకు అలాంటి మాట చెవిన పడుతుంది గానీ లోపలికి దిగదు.

"ఫోన్‌ల చుక్క పెట్టుకుంట, గంతే" అంది. "ఆ చుక్కలు నాతాననే ఉంటయి. వాటిని చూసి జాగ ఎక్కడుండాల్నో లెక్క తీస్త. ఎవ్వలకియ్య."

"నీ దేవుని మీద చెప్పు" అంది ఉంగి.

"అల్లా మీద ఒట్టు."

కోస మళ్లీ కత్తి అందుకున్నాడు. ఉంగి లేచి, కొంగు నడుముకు చుట్టి, గుట్ట దారి పట్టింది. మీది గుంపు చూశాక తబస్సుమ్‌కు శాటిలైట్ ఎందుకు మోసపోయిందో అర్థమైంది. విప్పచెట్టు వాళ్లకు తిండిపెట్టే చెట్టు, దాని మీద కత్తి పెట్టరు. ఎక్కడ నేల చదును చేసుకున్నా విప్పలను వదిలేసి, వాటి నీడనే గుడిసెలు వేసుకున్నారు. ఆకాశం నుంచి చూసేవాడికి కొమ్మలే కనిపిస్తాయి. ఉంగి ఒక్కో గుడిసె ముందూ నిలబడి ఎవరిదో చెప్పింది. తబస్సుమ్ ఒక్కో గుడిసె ముందూ ఫోన్ నొక్కింది. తెర మీద ఒక్కో పసుపు చుక్క పడింది. గుట్ట వెనకాల చాటున ఉన్న ఆఖరి గుడిసెలో ఒక గుడ్డి ముసలమ్మ ఉండేది. దాన్ని కూడా వదలలేదు. ఒక్కటీ తప్పిపోలేదని తిరుగు బస్సులో ఎంత సంబరపడిందో.

మ్యాపు బాగా కుదిరింది. చుక్కలన్నిటి నుంచీ నడిచి వెళ్లగలిగినంత దూరం లెక్కగట్టి, వాళ్లు విప్పపూలకూ తునికాకుకూ అడవికి వెళ్లి వచ్చే వీలుండేలా, రేగొండ వైపు ఒక సర్కారు బీడును పచ్చగా తేల్చింది. నేల చదును, రోడ్డు దగ్గర, కింద నీళ్లున్నాయని బోర్ల లెక్క చెబుతోంది. దానికి మించిన చోటు చుట్టుపక్కల లేదు. తబస్సుమ్ ఆ మచ్చ చుట్టూ గీత గీసి, చుక్కల పొరను తీసేసి, ఉత్త బొమ్మను సంజయ్‌కు ఇచ్చింది.

ఆయన తెల్లారి పిలిచాడు. "సర్కారోళ్లు ఉత్త బొమ్మ ఒద్దంటున్నరు తబస్సుమ్. ఫోల్డర్ మొత్తం పంపమంటున్నరు. అన్ని లేయర్లు."

"గుడిసెల లేయర్ ఇయ్య సార్. మాటిచ్చిన."

సంజయ్ చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే ఆమె ఎదురు తిరిగేదేమో. కుర్చీ లాగి కూర్చోమన్నాడు. "చూడమ్మా, చుక్కలు లేకుంటే క్యాంపు ఎవలకని అడుగుతరు. మనుషులే లేరంటే బోరెందుకు, షెడ్లెందుకు? ఫైలు ఆడనే పండుకుంటది. మహబూబాబాద్‌ల ఏమైంది? ఒక్క చుక్క తప్పినందుకు ఆ లాలి గతేమైంది? నువ్వే గద ఏడ్చినవ్."

ఎక్కడ నొక్కాలో ఆయనకు తెలుసు. ఆమె సాయంత్రం దాకా ఫోల్డర్ తెరిచి మూస్తూ కూర్చుంది. ఉంగికి ఫోన్ లేదు, అడుగుదామంటే రేగొండ పోవాలి. ఒకసారి పోయి అడిగి రావచ్చు. కానీ కోస వద్దంటాడని ఆమెకు తెలుసు. వద్దంటారని తెలిసి అడగకపోవడం కంటే పెద్ద మోసం లేదు, ఆ సంగతీ ఆమెకు తెలుసు. బోరు పడితే వాళ్లే సంతోషిస్తారని తనకు తాను చెప్పుకుంది. ఒట్టు పెట్టించుకున్నది ఉంగి, విడిపించుకున్నది మాత్రం తబస్సుమ్ ఒక్కతే. ఆఫీసు మూసే ముందు ఫోల్డర్ మొత్తం పంపించేసింది.

ఆ తర్వాత కొన్ని వారాలు ఏ కబురూ లేదు. తొలకరికి ముందు ఒక పొద్దున తిరుపతి ఫోన్ చేశాడు.

"మేడం, గుంపు లేదు."

"లేదంటే?"

"కింది గుంపు లేదు, మీది గుంపు లేదు. ఫారెస్టోళ్లు జేసీబీ మిషన్లతోని వచ్చిన్రు. గుడిసెలన్ని గుంజేసిన్రు. మనుషులను ట్రాక్టర్లల్ల ఎక్కిచ్చుకుని తెచ్చి గా బీట్ల దించి పోయిన్రు, నువ్వు చూపిచ్చిన జాగల. ఎవలను తోవ అడగలే మేడం. ఫోన్ చూసుకుంట సక్కగ పోయిన్రు. గుట్టెనుక ముసలవ్వ గుడిసెకు గూడ పోయిన్రు. దాని తోవ నాకే ఎర్కలే."

తబస్సుమ్ సంజయ్ గదిలోకి వెళ్లింది. ఎవరికి పంపించారు, ఎవరు ఎవరికి ఇచ్చారు అని అడిగింది. ఆయన రెండు మూడు చోట్లకు ఫోన్లు చేశాడు. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పోయింది, అక్కడి నుంచి ఎటు పోయిందో ఎవరూ చెప్పలేదు. ఆఖరి ఫోన్ పెట్టేసి తల వంచుకుని అన్నాడు. "మన మ్యాపు శాన మంచిగున్నదన్నరు. ఒక్క గుడిసె గూడ తప్పలేదట."

ఆమె అదే మధ్యాహ్నం రేగొండ బయలుదేరింది. దారి పొడుగునా తనను తాను తిట్టుకుంది. మంట పెట్టినవాడికి కనీసం ఆ సంగతి తెలుస్తుంది. తను మాత్రం చుక్క పెట్టి, బోరు పడుతుందని అన్నం తిని పడుకుంది. లాలికి చేసిన అన్యాయాన్ని దిద్దుకోబోయి ఉంగికి అంతకంటే పెద్ద అన్యాయం చేసింది.

పచ్చ మచ్చ నిజంగా చూస్తే ఎర్ర మొరం నేల. నీడకు ఒక్క చెట్టు లేదు. చెట్లున్న నేలకు ఆమే మార్కులు తగ్గించింది, అడవి భూమి తగలకూడదని. షెడ్లు లేవు, బోరు లేదు. నాలుగు కర్రలు పాతి టార్పాలిన్లు కట్టుకున్నారు. ఊరివాళ్లు బీడు అంచున నిలబడి చూస్తున్నారు. అది తమ పశువుల మేత జాగా అనీ, చేలల్లో విత్తనం పడితే పశువులకు ఇదొక్కటే దిక్కు కాబట్టి అంతలోపు వీళ్లు లేచిపోవాలనీ అంటున్నారు. వాళ్ల మాటలోనూ తప్పు లేదు. పశువులు మేసే పొర తబస్సుమ్ మ్యాపులో లేదు.

ఉంగి ఒక టార్పాలిన్ కింద బోర్లించిన కడవ పక్కన కూర్చుని ఉంది. తబస్సుమ్‌ను చూసి లేవలేదు, ముఖం తిప్పుకోనూ లేదు. పక్కన చాప మీద గుట్ట వెనకటి ముసలమ్మ కళ్లు మూసుకుని పడుకుంది. తబస్సుమ్ చెప్పులు విడిచి నేల మీద కూర్చుంది.

"వాళ్ల చేతుల గూడ గదే ఉండె" అంది ఉంగి. "పసుపు చుక్కలు. నేను చూసిన."

"నేనే ఇచ్చిన ఉంగక్కా" అంది తబస్సుమ్.

"ఎర్కే."

"నాది తప్పయింది. మంచే అయితదనుకున్న. ఒట్టు పెట్టి గూడ..." ఉంగి ఆ మాటలు వినిపించుకుంటున్నట్టు లేదు. తబస్సుమ్ చేతిలోని ఫోన్ వైపే చూస్తోంది.

"తిట్టుడు తర్వాత తిడ్త" అంది. "ముందుగాల ఫోన్ తియ్యి. కోసను చూపియ్యి."

తబస్సుమ్‌కు ఒక్క క్షణం అర్థం కాలేదు. ఉంగి వివరంగా చెప్పింది. మిషన్లు వచ్చినప్పుడు కోస మీది గుంపులో ఉన్నాడు. ముసలమ్మను భుజానికెత్తుకుని కిందికి తెచ్చి దించాడు. మళ్లీ పైకి పరుగెత్తాడు. ఆ తర్వాత అతన్ని ఎవరూ చూడలేదు. ట్రాక్టర్లలో లేడు, పోలీసు స్టేషన్‌లోనూ లేడట, తిరుపతి పోయి అడిగి వచ్చాడు. అవతలికి పారిపోయాడో, అడవిలో ఎక్కడన్నా పడిపోయాడో తెలియదు. వెతుకుదామంటే ఫారెస్టువాళ్లు అడవిలోకి పోనియ్యడం లేదు.

"దీంట్ల మనుషులు కనబడరు ఉంగక్కా. గుడిసెలే కనబడ్తయి."

"గుడిసెలు లెవ్వు గద ఇప్పుడు."

తబస్సుమ్ ఫోన్ తెరిచింది. చుక్కలన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. కింది గుంపు, వాగు, గుట్ట దారి, మీది గుంపు. ఉంగి దగ్గరికి జరిగి వేలు పెట్టింది.

"మాది ఏది?"

"ఇగో, ఇది."

"ఉన్నది గద" అంది ఉంగి. ఆ గొంతులో కోపం లేదు, వెటకారం లేదు. నిజంగానే ఆశ పుట్టింది. "ఉన్నదంటే ఆడనే ఉంటడు. మేం అంత సాటుకున్నా దొరకబట్టినవ్. మీది గుంపు ఇన్నేండ్లు ఎవలకు దొరికింది? నీకు దొరికింది. ఆయన ఒక్కడు దొరకడా? సరిగ సూడక్కా."

తబస్సుమ్ ఆ చుక్క మీద రెండు వేళ్లు పెట్టి పెద్దది చేసింది. కొమ్మలు వచ్చాయి. ఇంకా పెద్దది చేసింది. ఆకులు మసకబారి పచ్చటి గళ్లుగా విడిపోయాయి. ఆ ఫొటో మిషన్లు రాకముందు, ఎప్పుడో తీసినదని ఆమెకు తెలుసు. అయినా బొమ్మను పక్కకు జరిపింది, వాగు వెంట జరిపింది, గుట్ట వెనక్కి జరిపింది. వేలు ఆపితే ఉంగి అడుగుతుందని ఆపకుండా జరుపుతూనే ఉంది.

"మెల్లగ" అంది ఉంగి, తెర మీదికి వంగి. "అంత జోరుగ పోతే ఎట్ల కనబడ్తడు?"